నది దాటితే నేరము

గత సంక్రాంతికి మా ఇంటికి వచ్చిన అతిథులలో నా పూర్వశిష్యుడొకడు ఉన్నాడు. ఒకప్పుడు ఎనిమిదవ తరగతిలో వెనుక బల్లమీద కూర్చుండి, కిటికీలోనుండి చింతచెట్టు వంక చూచుటయే పనిగా పెట్టుకొన్నవాడు. ఇప్పుడు అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు శివారున స్థిరపడి, ఆ దేశపు పౌరుడై, రాత్రి బాగా ప్రొద్దుపోయే దాక తెరచి ఉండే దుకాణమొకటి నడుపుతున్నాడు. మా మనుమరాలికి ఏదో కానుక ఇవ్వబోయి సంచి తెరచినప్పుడు, అందులోనుండి రెండు చిన్న కార్డులు జారి నేలమీద పడినవి. నేను వంగి తీసి చూచాను. ఒకటి పెన్సిల్వేనియా రాష్ట్రమువారిది. రెండవది యూటా రాష్ట్రమువారిది. రెండింటిమీదను అతని ఛాయాచిత్రమే ఉన్నది.

"ఇవేమిటోయ్?" అన్నాను.

"తుపాకి కార్డులు మాస్టారూ. చొక్కా చాటున పిస్తోలు పెట్టుకొని తిరుగుటకు అనుమతి."

"మరి యూటాలో కూడ నీకు ఇల్లున్నదా?"

"ఆ రాష్ట్రమును నేను ఎన్నడూ చూడలేదండీ" అని నవ్వాడు.

తాను కాలు పెట్టని రాష్ట్రము, తనను ఎన్నడూ చూడని రాష్ట్రము, తుపాకి ధరించుటకు ఒక మనిషికి అనుమతి ఇచ్చినదన్న మాట నాకు మొదట మింగుడుపడలేదు. ఆ సాయంకాలము అరుగుమీద కూర్చుండి అతడు చెప్పినదానిని, తరువాత నేను స్వయముగా చదివి తెలుసుకొన్నదానిని కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను. అమెరికాలో పిల్లలున్న ఇండ్లు నేడు మన జిల్లాలలో ఎన్నో ఉన్నవి. ఈ సంగతి తెలియకపోవుటవలన కలిగే కీడు చిన్నది కాదు.

మన దేశములో ఈ విషయము ఒక విధముగా తేలిక. 1959వ సంవత్సరపు ఆయుధ చట్టము దేశమంతటికీ ఒక్కటే. లైసెన్సు దొరకుట కష్టము. కాని దొరికిన లైసెన్సు ఎంతమేర చెల్లుతుందో ఆ కాగితము మీదనే వ్రాసి ఉంటుంది. అమెరికాలో అట్లు కాదు. 1791లో ఆమోదము పొందిన రాజ్యాంగపు రెండవ సవరణ ఆయుధములు కలిగి ఉండే హక్కును ప్రజలకు చెప్పినది. కాని వీధిలో ఆయుధమును ఎట్లు మోయవలెనో, చాటుగానా ఎదుటనా, ఎవరి అనుమతితోనో నిర్ణయించే పని చిరకాలముగా రాష్ట్రములదే అయినది. రాష్ట్రములు 50. అందుచేత ధర్మములును దాదాపు 50.

చాటున ఆయుధము దాచుట అనేది ఆ దేశములో మొదట నిందార్హమైన పని. 1813లోనే కెంటకీ, లూయిసియానా రాష్ట్రములు దానిని నిషేధిస్తూ చట్టములు చేసినవి. ఎదుట నడుమున వ్రేలాడే ఆయుధము ధీరునికి తగినదని, దుస్తుల మాటున దాగినది హంతకునికి తగినదని ఆనాటి న్యాయమూర్తులు కొందరు తలంచారు. నేడు ఆ భావము తలక్రిందులైనది. ఎదుట కనబడే పిస్తోలు సంతలో కలవరము పుట్టిస్తుందని, దాచినదే మర్యాద అని అనేకుల అభిప్రాయము. నూరు సంవత్సరములలో మర్యాద అనేది ఎంతగా మారిపోతుందో చరిత్ర పాఠము చెప్పే ఉపాధ్యాయులు గమనింపదగిన విషయమిది.

1911లో న్యూయార్కు సలివన్ చట్టము తెచ్చి పిస్తోలుకు లైసెన్సు తప్పనిసరి చేసినది. తరువాత అనేక రాష్ట్రములలో అధికారి ఇష్టమే శాసనముగా నడచినది. తగిన కారణము చూపినవానికి మాత్రమే అనుమతి. ఆ 'తగిన కారణము' ధనికునికి, పలుకుబడి కలవానికి దొరికినంత సులభముగా కూలివానికి దొరకలేదని వేరుగా చెప్పనక్కరలేదు. రెండవ పద్ధతి ఏమనగా, చట్టములో చెప్పిన అర్హతలు ఉన్నవానికి అధికారి అనుమతి ఇచ్చి తీరవలెను. వాషింగ్టన్ రాష్ట్రము 1961లో ఈ మార్గము త్రొక్కినది. 1987లో ఫ్లారిడా త్రొక్కిన తరువాత అది వరదవలె వ్యాపించినది. వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రము మాత్రము ఏ పద్ధతిలోను చేరలేదు. అక్కడ అనుమతి పత్రమనే మాటయే లేదు. నేరచరిత్ర వంటి అడ్డంకి లేనివారికి పత్రము లేకయే అనుమతి.

ఇక్కడనే మన కథలోని చమత్కారము మొదలగుచున్నది. వెర్మాంట్ మనిషి తన ఊరిలో ఏ కాగితము లేకుండ పిస్తోలు ధరింపవచ్చును. కాని పొలిమేర దాటి, అనుమతి పత్రము అడిగే రాష్ట్రములో అడుగుపెడితే అతని చేతిలో చూపించుటకు ఏమీ లేదు. అతని రాష్ట్రము ఇవ్వదు గదా! అందుచేత అతడు ఇంకొక రాష్ట్రమును ఆశ్రయింపవలసినదే. ఇల్లినాయి ప్రజలది దీనికి వ్యతిరేకమైన కష్టము. 2013 వరకు ఆ రాష్ట్రము చాటు ఆయుధమునకు అనుమతియే ఇవ్వలేదు. అక్కడివారు ఇతర రాష్ట్రములలో ప్రయాణము చేయుటకై యూటా పర్మిట్టు తెచ్చుకొనేవారు. ఇట్లు సొంత రాష్ట్రము ఏమీ అడుగనందున కొందరు, ఏమీ ఇవ్వనందున కొందరు పరరాష్ట్రపు గుమ్మము ముందు నిలబడ్డారు. అదియే స్థానికేతరుల పర్మిట్టు.

పాఠకులకు సహజముగా ఒక సందేహము కలుగుతుంది. ఒక రాష్ట్రములో పొందిన మోటారు లైసెన్సు దేశమంతట చెల్లుతున్నది గదా, తుపాకి కార్డు ఎందుకు చెల్లదు? నేనును ఇదే అడిగాను. మోటారు విషయములో రాష్ట్రములు తమలో తాము సమ్మతికి వచ్చినవి. తుపాకి విషయములో రాలేదు. దేశమంతటికీ ఒకే గుర్తింపు కల్పించే బిల్లు 2017 డిసెంబరులో ప్రతినిధుల సభలో 231–198 వోట్లతో నెగ్గినది. సెనేటులో నెగ్గి చట్టము కాలేదు. కాబట్టి ఏ రాష్ట్రము ఎవరి కార్డును గౌరవిస్తుందో వేరువేరుగా చూచుకోవలసినదే. వర్జీనియా అన్ని రాష్ట్రముల కార్డులను మన్నిస్తుంది. న్యూజెర్సీ ఒక్కదానినీ మన్నించదు. మిషిగన్, కొలరాడో, ఫ్లారిడా వంటివి మరి ఒక మెలిక పెట్టినవి: కార్డు ఇచ్చిన రాష్ట్రములోనే కాపురమున్న వాని కార్డు మాత్రమే మాకు చెల్లుతుంది, ఊరుగాని ఊరినుండి తెచ్చుకొన్నది చెల్లదు అని.

"అయితే నీ యూటా కార్డు మిషిగన్‌లో పనికిరాదన్నమాట" అన్నాను.

"పనికిరాదు మాస్టారూ. అక్కడ నా పెన్సిల్వేనియా కార్డే పని చేస్తుంది. మీరు లెక్కలు చెప్పేటప్పుడు సమితులని బోర్డుమీద రెండు సున్నలు గీసేవారే, ఇదీ అట్లే. ఒక సున్నలో లేనిది రెండవ సున్నలో ఉంటే, రెండు కార్డులు కలిపి ఎక్కువ చోట్ల చెల్లుతాయి."

చింతచెట్టు వంక చూచినవాడు బోర్డును కూడ చూచాడన్నమాట!

పర్మిట్టును ఎన్నుకొనుటలోని కీలకమంతా ఈ రెండు సున్నలలోనే ఉన్నది. తాను ఎక్కడ కాపురమున్నాడు, ఏ దారిన తిరుగుతాడు, ఆ దారిలోని రాష్ట్రములు ఎవరి పత్రమును మన్నిస్తాయి అని మొదట చూచుకోవలెను. ఖర్చు, కాలపరిమితి ఆ తరువాతి మాట. యూటా, అరిజోనా, న్యూహాంప్‌షైర్, వర్జీనియా పర్మిట్లు 5 సంవత్సరములు చెల్లుతాయి. ఫ్లారిడాది 7 సంవత్సరములు. ఫ్లారిడాలో దీనిని ఇచ్చేది పోలీసు శాఖ కాదు. వ్యవసాయ, వినియోగదారుల సేవల శాఖ! పెట్రోలు బంకులలో కొలతలు సరిచూచే శాఖయే తుపాకి అనుమతులు కూడ చూస్తున్నది. మన తహసీలుదారు కచేరీలలో ఎన్నో వింతలు చూచిన నాకు కూడ ఇది క్రొత్తగా తోచినది.

మా వాడు యూటా కార్డు సంపాదించిన విధము ఇట్లు. ఆ రాష్ట్రమువారు గుర్తించిన శిక్షకులు ఇతర రాష్ట్రములలో కూడ ఉన్నారు. అట్టి ఒకని వద్ద ఒక పూట కూర్చుండి పాఠము విన్నాడు: తుపాకిని భద్రముగా పట్టుకొనుట, గుళ్లు ఎక్కించుట, తీయుట, ఇంట పిల్లలకు అందకుండ పెట్టుట, ఆత్మరక్షణకై బలప్రయోగము ఎప్పుడు చట్టసమ్మతము, ఎప్పుడు కాదు అనునవి. యూటావారు గుండు పేల్చి చూపించమని అడుగరు. ఫ్లారిడావారు శిక్షకుని ఎదుట పేల్చి చూపవలెనంటారు. పెన్సిల్వేనియాలోనైతే పాఠమే లేదు. జిల్లా షెరీఫ్ కచేరిలో దరఖాస్తు, 20 డాలర్ల రుసుము, చరిత్ర విచారణ, అంతే. తుపాకి చేతికిచ్చేటప్పుడు ఒక పూట పాఠము కూడ వలదనుట ఉపాధ్యాయ వృత్తిలో తల నెరసిన నాకు రుచించలేదు. ఆ మాట అతనితో అన్నాను, అతడు కాదనలేదు.

పాఠము ముగిసిన పిమ్మట శిక్షకుని ధ్రువపత్రము, పదివ్రేళ్ల ముద్రలు, ఛాయాచిత్రము, మోటారు లైసెన్సు నకలు జతపరచి, రుసుముతో యూటా రాష్ట్రపు నేరస్థుల గుర్తింపు విభాగమునకు పంపాడు. వయస్సు 21 నిండి ఉండవలెను. నేరచరిత్ర ఉన్నదా, గృహహింస కేసులో శిక్ష పడినదా, న్యాయస్థానము మానసిక అస్వస్థుడని నిర్ణయించినదా అని వారు విచారిస్తారు. కార్డు ఇచ్చిన తరువాత కూడ తమ రాష్ట్రపు నేర దస్త్రములతో ప్రతిదినము సరిచూస్తూనే ఉంటారట. 2011 నుండి ఇంకొక నియమము కూడ చేర్చారు. యూటా పర్మిట్టును గుర్తించే రాష్ట్రములో కాపురమున్నవాడు మొదట సొంత రాష్ట్రపు పర్మిట్టు చూపవలెను. సొంత ఇంటిలో కాదన్నవాడు పొరుగింటి దారిన రాకుండ అది కట్టుదిట్టము.

ఇన్ని కాగితములు ఉన్నవాడు నిశ్చింతగా ఉండవచ్చునని తోస్తుంది. అది భ్రమ. ఫిలడెల్ఫియాకు తూర్పున డెలావేర్ నది ప్రవహిస్తున్నది. దానిమీద 1926లో కట్టిన పెద్ద వంతెన ఉన్నది. కారులో దాటుటకు కొన్ని నిమిషములు చాలును. ఇవతలి ఒడ్డు పెన్సిల్వేనియా, అవతలి ఒడ్డు న్యూజెర్సీ. 2013 అక్టోబరులో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక యువతి, ఇద్దరు బిడ్డల తల్లి, కారులో అవతలికి వెళ్లినది. రహదారి పోలీసు ఆపగా, తన సంచిలో పిస్తోలు ఉన్నదని, పెన్సిల్వేనియా పర్మిట్టు కూడ ఉన్నదని తానే చెప్పినది. అది న్యూజెర్సీలో చెల్లదని ఆమెకు తెలియదు. ఆమె నిజము చెప్పుటయే ఆమెపై సాక్ష్యమైనది. అక్కడి శాసనము ప్రకారము నేరము రుజువైతే మూడున్నర సంవత్సరములు చెరసాలలో ఉండక తప్పదు. న్యాయమూర్తికి దయ చూపే వీలు కూడ మిక్కిలి స్వల్పము. కొన్ని వారములు ఆమె జైలులో గడిపినది. దేశమంతట అలజడి కలిగిన పిమ్మట 2014లో శిక్ష లేకుండ కేసు ముగిసే మార్గము దొరికినది. 2015 ఏప్రిలులో గవర్నరు క్రిస్ క్రిస్టీ క్షమాపణ ప్రసాదించాడు. ఆమె ఎవరినీ బెదిరించలేదు. ఒక వంతెన దాటినది.

ఇంకొక కథ మరింత విచిత్రమైనది. 1986లో కేంద్ర శాసనసభ ఒక రక్షణ కల్పించినది. బయలుదేరిన చోట, చేరవలసిన చోట తుపాకి చట్టసమ్మతమైతే, నడుమ ఉన్న రాష్ట్రముగుండా దానిని తీసుకొని పోవచ్చును. గుళ్లు తీసివేసి, చేతికి అందని చోట పెట్టెలో భద్రపరచవలెను. 2005లో యూటా వాసి ఒకడు, యూటా పర్మిట్టు ఉన్నవాడు, విమానములో పెన్సిల్వేనియాకు ప్రయాణమై న్యూజెర్సీలోని నెవార్కులో దిగాడు. అక్కడ ఎక్కవలసిన రెండవ విమానము తప్పిపోయినది. తాళము వేసిన తుపాకిపెట్టె ఉన్న సామాను అతని చేతికి వచ్చినది. రాత్రి హోటలులో పడుకొని, మరునాడు ఉదయము విమానాశ్రయములో, నియమము ప్రకారము, తుపాకి ఉన్నదని చెప్పాడు. వెంటనే నిర్బంధించారు. కొన్ని దినములు జైలులో ఉన్న పిమ్మట కేసు కొట్టివేశారు. అన్యాయము జరిగినదని అతడు దావా వేయగా, 2010లో అప్పీలు న్యాయస్థానము అతని పక్షము వహించలేదు. ఆ రాత్రి హోటలులో సామాను అతని చేతికి అందుబాటులో ఉన్నది గనుక 1986 రక్షణ వర్తించదన్నది. ఆ సామాను తీసుకొనక, పోలీసులకు ముందే చెప్పి ఉంచుకొమ్మని అడిగి ఉండవలసినదని సూచించినది. విమానము తప్పిన బాటసారికి రాత్రివేళ ఇంత ధర్మసూక్ష్మము తోచునా?

2022లో దేశ సర్వోన్నత న్యాయస్థానము న్యూయార్కు వారి 'తగిన కారణము' నియమమును 6–3 మెజారిటీతో కొట్టివేసినది. అధికారి ఇష్టమునుబట్టి ఇచ్చే పద్ధతి దానితో కూలినది. మరియొక ప్రక్క, పత్రమే అక్కరలేదనే రాష్ట్రములు పెరుగుతూ 2024 నాటికి 29 అయినవి. మరి స్థానికేతరుల పర్మిట్టుతో పనేమున్నదని అనేవారు లేకపోలేదు. దీనికి సమాధానము మన వృత్తికి సంబంధించినది కనుక కొంచెము వివరిస్తాను.

పాఠశాల ఆవరణకు 1000 అడుగుల లోపల తుపాకి కలిగి ఉండుట కేంద్ర చట్టము ప్రకారము నేరము. 1990లో చేసిన ఆ చట్టమును 1995లో సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేయగా, 1996లో సవరించి మరల నిలిపారు. దీనికి మినహాయింపు, ఆ పాఠశాల ఉన్న రాష్ట్రమే ఇచ్చిన లైసెన్సు గలవానికి. కేంద్ర ఆయుధ శాఖవారి వ్యాఖ్యానము ప్రకారము, పొరుగు రాష్ట్రపు కార్డును ఈ రాష్ట్రము గౌరవించినంత మాత్రమున చాలదు. ఇదే రాష్ట్రము ఇచ్చినదై ఉండవలెను. పత్రము అక్కరలేదనే రాష్ట్రములో పత్రము లేనివానికిని రక్షణ లేదు. పట్టణములో ఏ వీధి అయినను ఏదో ఒక బడికి 1000 అడుగుల లోపలనే ఉంటుంది గదా! అందుచేత తరచు ఇంకొక రాష్ట్రమునకు పోయివచ్చేవాడు, అక్కడి చట్టము అడుగకపోయినను, ఆ రాష్ట్రపు స్థానికేతర పర్మిట్టు తీసుకొనుట వివేకమని తెలిసినవారు చెబుతున్నారు.

ఇవిగాక చిన్న నియమములు ఎన్నో ఉన్నవి. పర్మిట్టు ఇచ్చిన రాష్ట్రపు నియమములు కాదు, నిలబడి ఉన్న రాష్ట్రపు నియమములే వర్తిస్తాయి. మిషిగన్‌లో పోలీసు ఆపగానే తనంత తానుగా తుపాకి సంగతి చెప్పి తీరవలెను. టెక్సాసులో దుకాణము గుమ్మమున అంగుళము ఎత్తు అక్షరములతో, ఇంగ్లీషులోను స్పానిషులోను, నిర్ణీత వాక్యమున్న బోర్డు కట్టి ఉంటే, పర్మిట్టు ఉన్నవాడు కూడ తుపాకితో లోపలికి పోరాదు.

ఇప్పుడు విద్యార్థులకు ముఖ్యమైన మాట. మా వాడు పౌరుడు. అతనికి చెల్లినది చదువుకై వెళ్లిన పిల్లలకు చెల్లదు. విద్యార్థి వీసాపైనను, తాత్కాలిక ఉద్యోగపు వీసాపైనను ఆ దేశములో ఉన్నవారు తుపాకిని కొనుట మాత్రమే కాదు, కలిగి ఉండుటయే కేంద్ర చట్టము ప్రకారము నేరము. వేట లైసెన్సు పొందినవారు మొదలైన కొందరికి మినహాయింపులు ఉన్నవి; అవి లేనివానికి 15 సంవత్సరముల వరకు శిక్ష పడవచ్చును. శాశ్వత నివాసపు కార్డు పొందినవారిని ఈ నిషేధము తాకదు. విద్యార్థి వీసాపై ఫ్లారిడాకు వచ్చి, చదువులో వెనుకబడి కళాశాలనుండి తొలగింపబడిన విదేశీ విద్యార్థి ఒకడు, సరదాకు గురిచూచి కాల్చే స్థలమునకు వెళ్లి పిస్తోలు పేల్చాడు. తొలగింపుతో వీసా హక్కు పోయినది; చేతిలో తుపాకి ఉన్నది; జైలు శిక్ష పడినది. తన స్థితి తనకు తెలుసునని ప్రభుత్వము రుజువు చేయవలెనని 2019లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పి ఆ శిక్షను పునర్విచారణకు త్రిప్పిపంపినది. కాని అప్పటికి ఎన్ని సంవత్సరములు గడచినవో చూడండి. మిత్రుల గదిలో తుపాకి పట్టుకొని ఫొటో తీయించుకొని ఇంటికి పంపే పిల్లలు ఉన్నారు. ఆ ఫొటో చూచి మురిసే తల్లిదండ్రులకు ఉపాధ్యాయులైనా ఈ సంగతి చెప్పవలెను.

తుపాకి మనిషికి రక్షణయా కాదా అనే వాదములో మా వాడికి, నాకు ఏకాభిప్రాయము కుదరలేదు. రాత్రి దుకాణము మూసి, రోజు రాబడి సంచిలో పెట్టుకొని నిర్మానుష్యమైన వీధిలో కారువద్దకు నడచే వాని గుండె ఎట్లు కొట్టుకొంటుందో అరుగుమీద కూర్చున్న నాకు తెలియదన్నాడు. నిజమే. ఇంతవరకు దానిని ఒక్కసారి కూడ బయటికి తీయలేదని కూడ చెప్పాడు. ఆ మాట నాకు ఊరట కలిగించినది.

"ఇప్పుడు నదికి అవతల కూడ ఒక దుకాణము తీసుకొన్నాను మాస్టారూ. అటు వెళ్లే రోజున పిస్తోలును ఇంటిలో ఇనుప పెట్టెలో పెట్టి తాళము వేసి పోతాను. న్యూజెర్సీ వారికి స్థానికేతరుల దరఖాస్తు పెట్టవలెను. అక్కడ 2022 చివర చేసిన చట్టములో ఒక చిక్కున్నది. మూడేండ్లకు తక్కువ కాకుండ ఎరిగినవారు, చుట్టములు కానివారు, పెద్దమనుషులు నలుగురు నా నడవడికి పూచీ పలుకవలెను. ముగ్గురు దొరికారు."

అతడు నా వంక చూచిన చూపు నాకు అర్థమైనది.

"నిన్ను నలువది యేండ్లుగా ఎరుగుదును. చుట్టమును కాను. కాని నిజము వ్రాయమంటే, అర్ధసంవత్సర పరీక్షనాడు బడి గోడ దూకి సినిమాకు పోయిన సంగతి కూడ వ్రాయవలసి వస్తుందోయ్" అన్నాను.

"అది కూడ వ్రాయండి మాస్టారూ, పరవాలేదు" అని, దరఖాస్తు నమూనాను చొక్కా జేబులోనుండి తీసి నా ముందు పెట్టాడు.